నాలుగున్నర తర్వాత మొదలయ్యే కళాశాల

గత నెలలో మా ఎంబీఏ తరగతి వాట్సాప్ గ్రూపులోకి ఒక దినచర్య వచ్చింది. దేశంలో పేరున్న ఒక మేనేజ్‌మెంట్ విద్యాసంస్థలో కొత్తగా చేరిన విద్యార్థి తన మామూలు పనిరోజు ఎలా గడుస్తుందో గంటల వారీగా రాసుకున్న దినచర్య అది. ఎనిమిదింటికి లేవడం, తొమ్మిదికి తరగతి, మధ్యాహ్నం చెప్పకుండా పెట్టే పరీక్ష, సాయంత్రం క్లబ్బు సమావేశం, రాత్రి పదింటికి గ్రూపు చర్చ, పన్నెండున్నరకు హాస్టల్ క్యాంటీన్‌లో టీ, ఆ పైన మరునాటి కేస్ స్టడీ (ఒక వ్యాపార సమస్యను వివరించే పాఠం) చదవడం, మూడింటికి నిద్ర. దాని కింద మావాళ్లు ఒకరి తర్వాత ఒకరు "ఎంబీఏ అంటే ఇదే" అని రాశారు. నేను దాన్ని రెండుసార్లు చదివాను. నిద్ర తక్కువ కావడం గురించి నాకు పెద్దగా అనిపించలేదు, పల్లెలో పెరిగినవాళ్లకు తెల్లవారుజామున లేవడం కొత్త కాదు. నన్ను ఆపిన విషయం వేరు. ఆ రోజులో చదువుకు సంబంధించిన పనుల్లో సగానికి పైగా సాయంత్రం ఆరు తర్వాతే ఉన్నాయి. ఆరింటికి నేను తిరుపతి నుంచి ఇంటికి వెళ్లే బస్సులో ఉంటాను.

అప్పటి నుంచి ఈ విషయం మనసులో తిరుగుతూనే ఉంది. మొదట అది నా ఒక్కదాని ఇబ్బంది అనుకున్నాను. తర్వాత చుట్టూ చూస్తే అలా కాదని తెలిసింది. గ్రూపు పనికి మార్కులు వేసే కళాశాల, ఆ పని చేయడానికి కావలసిన గంటలను కూడా తన టైంటేబుల్‌లోనే చూపించాలి అన్నది నా అభిప్రాయం. అలా చూపించనప్పుడు ఆ మార్కులు చదువుకు పడుతున్నాయా, నివాసానికి పడుతున్నాయా అన్న ప్రశ్న వస్తుంది. ఈ మాట మీద నాకే కొన్ని సందేహాలున్నాయి. వాటిని కూడా దాచకుండా రాస్తాను.

నా పనిరోజు

నాలుగూ ముప్పావుకు లేస్తాను. మాకు రెండు ఆవులున్నాయి. అమ్మ పాలు పితికేలోగా నేను పేడ తీసి, దాణా కలిపి, ఆరింటికల్లా పాలకేంద్రానికి క్యాను తీసుకువెళ్తాను. అక్కడ వెన్న శాతం చూసి చీటీ ఇస్తారు. ఆ చీటీలను ఎనిమిదో తరగతి నుంచీ ఒక నోటు పుస్తకంలో ఎక్కిస్తున్నాను. ఇప్పుడు గణాంక శాస్త్రంలో సగటు, ప్రామాణిక విచలనం చెబుతున్నప్పుడు నా మనసు ఆ పుస్తకం మీదికే పోతుంది, ఎందుకంటే వేసవిలో అంకెలు ఎలా చెదిరిపోతాయో, వానలు పడి పచ్చిమేత దొరికాక ఎలా ఒక దగ్గరికి వస్తాయో నేను అందులో చూశాను.

ఆరూ నలభైకి పూతలపట్టు దగ్గర చిత్తూరు నుంచి వచ్చే బస్సు ఎక్కుతాను. 2025 ఆగస్టు 15న స్త్రీశక్తి పథకం మొదలై పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు ప్రయాణం ఉచితం కాకపోతే నేను ఈ చదువులో చేరి ఉండేదాన్ని కాదు. బీకాం అయ్యాక మూడేళ్లు ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో లెక్కల గుమాస్తాగా పనిచేసి, ఎంబీఏ ప్రవేశ పరీక్ష ఐసెట్ రాసి, సీటు వచ్చిన తర్వాత కూడా ఇంట్లో మొదట వచ్చిన ప్రశ్న రోజూ రానుపోను ఖర్చు ఎంత అనే. ఆ ప్రశ్న ఆగస్టులో తీరింది. బస్సులో సీటు దొరకడం మాత్రం కష్టమైంది. చంద్రగిరిలో కొందరు దిగితే, అక్కడి నుంచి కూర్చుని ఆ రోజు కేస్ స్టడీ మరోసారి చూసుకుంటాను. బస్టాండులో దిగి షేర్ ఆటోలో కళాశాలకు చేరేసరికి ఎనిమిదిన్నర కావస్తుంది.

తొమ్మిదిన్నర నుంచి నాలుగున్నర దాకా తరగతులు. రోజుకు ఆరు గంటల పాఠాలు, మధ్యలో ముప్పావు గంట భోజన విరామం. అకౌంటింగ్ నాకు సులువు, మేనేజీరియల్ ఎకనామిక్స్ కష్టం, బిజినెస్ కమ్యూనికేషన్‌లో లేచి మాట్లాడటానికి ఇప్పటికీ గుండె దడదడలాడుతుంది. వీటి గురించి ఇంతకంటే చెప్పవలసింది లేదు, కొత్తగా చేరిన ఎవరి రోజైనా దాదాపు ఇలాగే ఉంటుంది.

నాలుగున్నరకు గంట కొడతారు. నాలుగూ నలభైకి కళాశాల బస్సులు శ్రీకాళహస్తి వైపు, పుత్తూరు వైపు, చంద్రగిరి వైపు బయలుదేరుతాయి. మా తరగతిలో అరవై మందిమి ఉన్నాము. అందులో సగానికి మించి ఆ బస్సుల్లోనో ఆర్టీసీ బస్సుల్లోనో ఇళ్లకు వెళ్లేవాళ్లమే. నేను ఇంటికి చేరేసరికి ఏడు దాటుతుంది. సంగటి కెలకడం, నాయనకు భోజనం పెట్టడం, ఆవులకు మేత వేయడం అయ్యాక తొమ్మిదింటికి ఫోను చేతిలోకి తీసుకుంటాను. గ్రూపులో అప్పటికి "టెన్ థర్టీకి కాల్" అని ఉంటుంది.

పగలంతా ఒకే గదిలో కూర్చున్నాము. మా గ్రూపులోని ఆరుగురం ఒకే వరుసలో కూర్చుని అన్నం తిన్నాము. గ్రూపు పని మాత్రం అందరం తలోచోటికి చేరుకున్న తర్వాత మొదలవుతుంది. దీనికి కారణం మా సోమరితనం కాదు. పని అప్పజెప్పవలసిన గడువు రాత్రి 11:59 అని కళాశాలే పెట్టింది. అర్ధరాత్రి గడువు పెడితే పని అర్ధరాత్రికే జరుగుతుంది. నాలుగూ నలభైకి బస్సు ఎక్కించి పంపించేదీ, 11:59కి పని అడిగేదీ ఒకే కార్యాలయం.

మామిడి గుజ్జు లెక్క

అక్టోబరులో మాకు ఇచ్చిన అంశం వర్కింగ్ క్యాపిటల్, అంటే వ్యాపారం రోజువారీగా నడవడానికి కావలసిన డబ్బు. స్థానిక పరిశ్రమను ఒకదాన్ని ఎంచుకుని, ఏడాదిలో దాని డబ్బు ఎక్కడెక్కడ నిలిచిపోతుందో చూపించాలి. మా గ్రూపు మామిడి గుజ్జును ఎంచుకుంది. నేను చాలా సంతోషపడ్డాను. మా నాయనకు రెండెకరాల తోతాపురి మామిడి తోట ఉంది. మూడేళ్లు నేను కొనుగోలు పుస్తకం రాసింది అలాంటి ఫ్యాక్టరీలోనే.

చిత్తూరు ప్రాంతంలో తోతాపురి కోత ముఖ్యంగా జూన్, జులైలలో జరుగుతుంది. ఫ్యాక్టరీ ఆ రెండు నెలల్లోనే ఏడాదికి సరిపడా కాయ కొని, గుజ్జు తీసి, వేడిచేసి, సూక్ష్మజీవులు చేరని సంచుల్లో నింపి, ఒక్కొక్కటి 200 కిలోలకు పైగా పట్టే డ్రమ్ముల్లో నిలవ చేస్తుంది. ఆ తర్వాత పానీయాల కంపెనీలకూ, విదేశాలకూ నెలల తరబడి అమ్ముకుంటూ పోతుంది. అంటే కాయ కొన్న డబ్బు డ్రమ్ముల్లో కూర్చుంటుంది, బ్యాంకు వడ్డీ మాత్రం నడుస్తూ ఉంటుంది. నిరుటి డ్రమ్ములు అమ్ముడుపోకుండా మిగిలిన ఏడాది ఫ్యాక్టరీ చేతిలో కాయ కొనడానికి డబ్బూ ఉండదు, నిలవ పెట్టడానికి చోటూ ఉండదు. 2025 వేసవిలో ఇక్కడ జరిగింది చాలావరకు అదే. ధర కూలిపోయి, ట్రాక్టర్లు ఫ్యాక్టరీ గేట్ల ముందు రోజుల తరబడి నిలిచాయి. చివరికి కిలోకు ఫ్యాక్టరీలు 8 రూపాయలు, ప్రభుత్వం 4 రూపాయలు కలిపి 12 రూపాయలు రైతుకు అందాలని ప్రభుత్వం నిర్ణయించింది. మా నాయన ట్రాక్టరులో రెండు రాత్రులు పడుకున్నాడు. వర్కింగ్ క్యాపిటల్ అనే మాటకు అర్థం నాకు ఆ రెండు రాత్రుల్లో తెలిసింది.

పని అప్పజెప్పవలసిన రోజు రాత్రి పది దాకా నేను ఫోను దగ్గరే ఉన్నాను. చర్చ మొదలుకాలేదు. నాలుగూ ముప్పావుకు లేవాలి కాబట్టి నా భాగం రాసి పంపి పడుకున్నాను. చర్చ పదీ నలభైకి మొదలైంది, పదకొండూ యాభైకి స్లైడులు వెళ్లిపోయాయి. పొద్దున బస్సులో నిలబడి వాటిని తెరిచాను. మేము ఊహించుకున్న ఫ్యాక్టరీ పది వేల టన్నుల కాయను కిలో 8 రూపాయలకు కొంటుంది, అంటే 8 కోట్ల రూపాయలు. దాని నుంచి పది వేల టన్నుల గుజ్జు వస్తుందని, కాబట్టి కిలో గుజ్జులో పండు ఖర్చు 8 రూపాయలని మావాళ్లు లెక్క కట్టారు. తొక్క, టెంక, పీచు పోను కాయ బరువులో సుమారు సగమే గుజ్జుగా వస్తుందని నేను పంపిన పేజీలో లేదు, ఎందుకంటే అది చెప్పవలసిన విషయమని నాకు తోచలేదు. మా ఊళ్లో చిన్నపిల్లలకు కూడా తెలిసిన సంగతి అది. చర్చలో ఉండి ఉంటే ఒక్క నిమిషంలో చెప్పేదాన్ని. కిలో గుజ్జులో పండు ఖర్చు 8 కాదు, 16. ఆ ఒక్క అంకె మారితే ఆ తర్వాతి పట్టికలన్నీ మారిపోతాయి.

తరగతిలో మేడమ్ అడిగింది కూడా సరిగ్గా అదే. "కిలో కాయకు ఎంత గుజ్జు వస్తుంది?"

"సుమారు సగం, మేడమ్" అన్నాను.

"అది తెలిసినవాళ్లు గ్రూపులో ఉండగా స్లైడులోకి ఎందుకు రాలేదు?"

ఎవరమూ జవాబు చెప్పలేదు. ఆ వారం చివర గ్రూపు సభ్యులు ఒకరికొకరు మార్కులు వేసుకునే పత్రం వచ్చింది. ఆలోచన, రాత, అందుబాటు అని మూడు గడులు, ఒక్కొక్కదానికి పది మార్కులు. అందుబాటులో నాకు నాలుగు వచ్చాయి. వేసినవాళ్లు నా స్నేహితులే, వాళ్ల మీద నాకు కోపం లేదు. పదీ నలభైకి నేను లేను, ఆ మాట నిజమే. అయితే ఆ గడి కొలిచినది ఏమిటని చాలా రోజులు ఆలోచించాను. పగలు ఏడు గంటలు నేను వాళ్ల పక్కనే ఉన్నాను. ఆ ఏడు గంటలను లెక్కలోకి తీసుకునే గడి ఆ పత్రంలో లేదు.

హాస్టల్లో ఉండేవాళ్లందరికీ ఇది సౌకర్యంగా ఉందా అంటే, అదీ లేదు. మా గ్రూపులో ఒక అమ్మాయి బాలాజీ కాలనీలో ప్రైవేటు హాస్టల్లో ఉంటుంది. అక్కడ రాత్రి ఏడున్నరకు గేటు వేస్తారు. మగపిల్లలు ఒక గదిలో చేరి మాట్లాడుకుంటుంటే, తను గదిలో నిద్రపోతున్న ముగ్గురికి ఇబ్బంది కలగకుండా దుప్పటి కప్పుకుని గుసగుసగా ఫోనులో మాట్లాడుతుంది. అలా మాట్లాడేవాళ్ల మాట చర్చలో ఎంత నిలబడుతుందో ఎవరైనా ఊహించవచ్చు. రాత్రి గ్రూపు పని అని మనం అంటున్నది నిజానికి అబ్బాయిల హాస్టల్లో ఒక గదిలో జరిగే పని. మిగిలినవాళ్లం దానికి బయటి నుంచి అందించేవాళ్లం.

ఈ పద్ధతి పుట్టిన చోట

రాత్రి చర్చలను సమర్థించేవాళ్లు ఎప్పుడూ పెద్ద విద్యాసంస్థల పేర్లు చెబుతారు. కాబట్టి అక్కడ ఎలా జరుగుతుందో చూడటం అవసరం. కేస్ స్టడీతో బోధించే పద్ధతి 1908లో మొదలైన హార్వర్డ్ బిజినెస్ స్కూల్‌లో 1920లలో స్థిరపడింది. అదే దశాబ్దంలో ఆ స్కూలు నది అవతల తన సొంత ప్రాంగణం కట్టుకుంది, అందులో విద్యార్థులు ఉండటానికి భవనాలు ఉన్నాయి. మన దేశంలో 1961లో ఏర్పడిన అహ్మదాబాద్ ఐఐఎం హార్వర్డ్ సహకారంతోనే ఈ పద్ధతిని తీసుకుంది. వాస్తుశిల్పి లూయీ కాన్ రూపొందించిన ఆ ప్రాంగణంలో తరగతి గదులూ విద్యార్థుల నివాసాలూ కొద్ది అడుగుల దూరంలో ఉంటాయి. చదివేవాళ్లు అక్కడే తిని, అక్కడే పడుకుంటారన్న ఏర్పాటు మీద ఆ చదువు నిలబడింది. రాత్రి పదింటికి చర్చ పెట్టుకుంటే అక్కడ ఎవరూ బస్సు కోసం చూడనక్కర లేదు.

మన కళాశాలలు పద్ధతిని తెచ్చుకున్నాయి, నివాసాన్ని తెచ్చుకోలేదు. తెచ్చుకోమని నేను అనడం లేదు. ఇంటి నుంచి వచ్చి చదువుకునే వీలు ఉండటం వల్లనే నాలాంటివాళ్లు చాలామంది ఈ చదువులోకి రాగలుగుతున్నారు. నివాసం లేని చోట నివాసం ఉన్నట్టు నడిపించడమే తప్పు.

ఇంకొక సంగతి తెలిసినప్పుడు నాకు ఆశ్చర్యం కలిగింది. హార్వర్డ్‌లో విద్యార్థుల చర్చా బృందాలు కలుసుకునేది ముఖ్యంగా ఉదయం, తరగతికి ముందు. ఆ బృంద చర్చకు విడిగా మార్కులు లేవు. తరగతిలో ఎవరికి వారు ఏం మాట్లాడారన్న దానికే పెద్ద భాగం మార్కులు పడతాయి. ముందు రోజు ఒంటరిగా చదువుకోవడం, పొద్దున నలుగురిలో సరిచూసుకోవడం, ఆ తర్వాత తరగతిలో నిలబడి మాట్లాడటం అన్న వరుస అది. మా దగ్గర ఒంటరిగా చదవడానికి వేళ లేదు, సరిచూసుకోవడం అర్ధరాత్రికి జరుగుతుంది, తరగతిలో ఒకరు స్లైడు చదువుతారు.

నా మాటకు ఎదురు నిలిచే రాత్రి

రాత్రి చర్చల్లో ఏమీ లేదని నేను అంటే అది అబద్ధమవుతుంది. నవంబరు మొదట్లో ఒక రాత్రి తిరుపతిలోనే, బైరాగిపట్టెడలో ఒక స్నేహితురాలి ఇంట్లో ఉండిపోయాను. వాళ్ల నాన్నకు లీలామహల్ దగ్గర చిన్న టిఫిన్ సెంటర్ ఉంది. ముగ్గురం బ్రేక్ ఈవెన్ లెక్కకు, అంటే ఎంత అమ్మితే ఖర్చులన్నీ తీరిపోతాయో చూసే లెక్కకు, కూర్చున్నాము. పుస్తకంలోని ఉదాహరణ విసుగనిపించి, ఆ టిఫిన్ సెంటర్ లెక్కే వేద్దామనుకున్నాము. మొదట బియ్యం, మినపప్పు, గ్యాసు, నూనె అంటూ రాసుకుంటూ పోయాము. పదకొండు గంటలకు ఆయన కొట్టు నుంచి వచ్చి, కాళ్లు కడుక్కుని మా పక్కన కూర్చుని ఆ కాగితం చూశారు.

"మీరు రాసిందంతా అమ్మితేనే అయ్యే ఖర్చమ్మా. అమ్మకపోయినా అయ్యేదేదీ రాయలేదే? అద్దె ఎవరిస్తారు? మాస్టరు జీతం ఎవరిస్తారు?" అన్నారు.

ఆ తర్వాత రెండు గంటల పాటు ఆయన చెప్పిన ప్రతి సంగతీ మా కాగితం మీదికి వచ్చింది. పొద్దున తొమ్మిదిలోపు అమ్మే ప్లేట్లు ఆ రోజు అద్దెకూ మాస్టరు కూలికీ సరిపోతే, ఆ తర్వాతి ప్రతి ప్లేటూ ఆయనకు మిగులు. అందుకే తొమ్మిదికి ముందు ఎవరైనా చట్నీ రెండోసారి అడిగితే ఆలోచించే మనిషి, తొమ్మిది దాటాక అడగకుండానే వడ్డిస్తారట. స్థిర వ్యయం, చర వ్యయం అన్న మాటలను నేను బీకాంలో మూడేళ్లు చదివాను, ఫ్యాక్టరీలో మూడేళ్లు రాశాను. అవి మనిషి చేతి కదలికలో కనిపించింది మాత్రం ఆ రాత్రి ఒంటిగంటకే.

మా అధ్యాపకుల్లో ఒకరు నాతో అన్నదీ ఇదే. "తొందర లేని వేళ రాత్రే అమ్మా. గంట కొట్టే గదిలో ఆలోచన రాదు." ఆయన ఇంకో మాట కూడా అన్నారు. వ్యాపారంలో ఐదింటికి పని ముగియదని, ఇప్పుడే అలవాటు పడకపోతే ఉద్యోగంలో కష్టపడతారని.

రెండో మాటకు జవాబు నా దగ్గర ఉంది. నేను పనిచేసిన ఫ్యాక్టరీలో కోత రోజుల్లో రాత్రిళ్లు కూడా పని నడిచేది. ఆ రాత్రి పనికి హాజరు పుస్తకం ఉండేది, ఇంటికి దింపడానికి బండి ఉండేది. వారానికి 48 గంటలు దాటిన పనికి రెట్టింపు కూలి ఇవ్వాలని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టమే చెప్పింది. అంటే వ్యాపారం కూడా అదనపు గంటలను లెక్కపెడుతుంది. లెక్కలోకి రాని గంటలకు అలవాటు పడమనడం వ్యాపారం నేర్పడం కాదు.

మొదటి మాటకు మాత్రం నేను సులువుగా జవాబు చెప్పలేను. బైరాగిపట్టెడ రాత్రి నాకు ఇచ్చినది ఏ టైంటేబుల్ గంటా ఇవ్వలేదు. కానీ ఆ రాత్రికి మార్కులు లేవు. గడువూ లేదు. ఎవరు రాలేదని ఎవరూ గుర్తు పెట్టుకోలేదు. అలాంటి రాత్రులు ఎవరికి వీలైనప్పుడు వాళ్లకు దక్కాలని కోరుకుంటాను. మార్కుల పని మాత్రం దాని మీద ఆధారపడకూడదు.

పొద్దునకు మార్చి చూసినప్పుడు

మామిడి గుజ్జు సంగతి తర్వాత నేనే ఒక ప్రతిపాదన చేశాను. గ్రూపు చర్చను రాత్రి నుంచి పొద్దున ఎనిమిదిన్నరకు మార్చుదామని, లైబ్రరీ వరండాలో కూర్చుందామని. నాకు అది సరిపోయే వేళ. మావాళ్లు ఒప్పుకున్నారు. మూడు వారాలు నడిచింది. నాకు ఎంతో హాయిగా అనిపించింది, మొదటిసారి చర్చలో నా గొంతు పూర్తిగా వినిపించింది.

మా గ్రూపులో శ్రీకాళహస్తి వైపు నుంచి వచ్చిన ఒక తమ్ముడున్నాడు. రైల్వే స్టేషన్ దగ్గర ఒక లాడ్జిలో రాత్రి పది నుంచి పొద్దున ఎనిమిది దాకా రిసెప్షన్‌లో పనిచేస్తాడు. తిరుపతికి యాత్రికులు వేళాపాళా లేకుండా దిగుతూనే ఉంటారు కాబట్టి లాడ్జిలకు రాత్రి మనిషి తప్పనిసరి. రాత్రి చర్చలు అతనికి అనువుగా ఉండేవి. ఎలాగూ మేలుకునే ఉంటాడు, రైళ్ల మధ్య ఫోనులో మాట్లాడేవాడు. పొద్దునకు మార్చాక, డ్యూటీ దిగి ముఖం కడుక్కుని, తరగతికి ముందు దొరికే గంట నిద్ర వదులుకుని వచ్చేవాడు. వచ్చినా మాట్లాడలేకపోయేవాడు. కొన్ని రోజులు రాలేదు.

నెలాఖరుకు మళ్లీ ఆ పత్రం వచ్చింది. అందుబాటు గడిలో అతనికి నేను ఐదు వేశాను. వేసేటప్పుడు ఏమీ అనిపించలేదు. రాలేదన్న మాట నిజమే కదా అనుకున్నాను. మరునాడు అతనే వచ్చి చాలా నెమ్మదిగా అన్నాడు.

"అక్కా, నువ్వు రాత్రి పదికి రాలేవు, నేను పొద్దున ఎనిమిదిన్నరకు రాలేను. ఇద్దరం కలిసి ఉండేది తొమ్మిదిన్నర నుంచి నాలుగున్నర దాకానే కదా."

నాకు నాలుగు వేసినప్పుడు నేను పడిన బాధనే నేను ఇంకొకరికి ఇచ్చాను. నా వేళకు మార్చుకోవడాన్ని న్యాయం అనుకున్నాను. ఈ వ్యాసంలో నేను చెబుతున్న మాట నిజానికి అతనిది. ఏ వేళ పెట్టినా ఎవరో ఒకరు మిగిలిపోతారు. అందరూ తప్పనిసరిగా ఉండే వేళ ఒక్కటే ఉంది. ఆ వేళకు 75 శాతం హాజరు లేకపోతే పరీక్ష రాయనివ్వరు కాబట్టి, ఎవరి ఇబ్బంది ఎలాంటిదైనా ఆ గంటలకు అందరమూ మా బతుకులను సర్దుకుని ఉన్నాము.

ఆ గంటలు ఎక్కడివి

మా వారం టైంటేబుల్‌లో ముప్పై గంటలున్నాయి. ఆరు పాఠ్యాంశాలకు నాలుగేసి గంటల చొప్పున ఇరవై నాలుగు, సాఫ్ట్ స్కిల్స్‌కు రెండు, లైబ్రరీకి రెండు, ఆటలకు ఒకటి, మెంటర్‌తో మాట్లాడటానికి ఒకటి. గ్రూపు పనికి సున్నా. అంతర్గత మార్కుల్లో గ్రూపు పనికి ఉన్న వాటా మాత్రం సున్నా కాదు.

సరైన మార్గం పాఠ్యప్రణాళికలోనే మార్పు తేవడం. వారానికి ఒక గంట పాఠానికి ఒక క్రెడిట్ (పాఠ్యాంశం బరువును లెక్కించే ప్రమాణం), రెండు గంటల సాధనకు ఒక క్రెడిట్ అన్నది అందరికీ తెలిసిన కొలత. ఒక పాఠ్యాంశంలో ఒక గంట పాఠాన్ని రెండు గంటల సాధనగా మారిస్తే గ్రూపు పనికి చోటు దొరుకుతుంది, అధ్యాపకుల పనిభారంలోనూ అది నమోదవుతుంది. దీనికి పాఠ్యప్రణాళికా మండలి ఒప్పుకోవాలి, ఆ లోపు మా చదువు అయిపోతుంది. అందుకని ఇప్పటికిప్పుడు చేయగలిగినది అడిగాము. రెండు లైబ్రరీ గంటలనూ కలిపి బుధవారం రెండున్నర నుంచి నాలుగున్నర దాకా గ్రూపు పనికి ఇవ్వాలని, గడువును 11:59 నుంచి మరునాటి సాయంత్రం నాలుగున్నరకు మార్చాలని.

సంతకాల కోసం తిరిగినప్పుడు పుత్తూరు నుంచి వచ్చే ఒక అమ్మాయి సంతకం చేయలేదు. వాళ్లది ఒకే గది ఉన్న ఇల్లు, రాత్రి టీవీ మోగుతూ ఉంటుంది, చిన్న తమ్ముళ్లిద్దరూ ఆడుతూ ఉంటారు. తనకు నిశ్శబ్దంగా కూర్చుని చదువుకునే వేళ వారం మొత్తంలో ఆ రెండు లైబ్రరీ గంటలే. "అందరూ క్యాంటీన్‌కు పోతారని వాటిని తీసేస్తారా అక్కా?" అని అడిగింది. ఆమెకు ఇచ్చే జవాబు నా దగ్గర లేదు. ఆటల గంటనూ మెంటర్ గంటనూ కలిపి వాడుకోవచ్చేమో అనుకున్నాను, ఆ రెండూ వేర్వేరు రోజుల్లో ఉన్నాయి. నేను అడుగుతున్న న్యాయానికి ఆమె గంటలు ఖర్చవుతున్నాయి. ఇది నన్ను ఇంకా బాధపెడుతూనే ఉంది.

అరవై మందిలో నలభై ఒక్కమంది సంతకం చేశారు. విభాగాధిపతి కాగితం చదివి, ఒక నెల చూద్దామన్నారు. ఆ గంటలు అధ్యాపకుల పనిభారంలో కలవవు కాబట్టి ఎవరు కూర్చుంటారో మమ్మల్నే అడిగి చూసుకోమన్నారు. మామిడి గుజ్జు ప్రశ్న వేసిన మేడమ్ ఒప్పుకున్నారు. గడువు సంగతి తేలలేదు, అది ఇంకా 11:59 దగ్గరే ఉంది.

పోయిన బుధవారం మొదటిసారి కూర్చున్నాము. ఆరుగురం ఒక బల్ల చుట్టూ ఉన్నాము. లాడ్జిలో పనిచేసే తమ్ముడు మధ్యాహ్నం విరామంలో కాసేపు కునుకు తీసి వచ్చాడు, హాస్టల్ అమ్మాయి గట్టిగా మాట్లాడింది. కొత్త అంశం మొదలుపెట్టే ముందు మేడమ్ మా పాత స్లైడులను తెరిపించారు. కాయ బరువులో సగం అని మొదటి గడిలో మార్చగానే కింది పట్టికలు ఒక్కొక్కటిగా మారుతూ పోయాయి. నాలుగూ ఇరవై అయ్యేసరికి చివరి పట్టికకు వచ్చాము. బయట కళాశాల బస్సులు తిప్పి నిలబెడుతున్న చప్పుడు వినిపిస్తోంది. ల్యాప్‌టాప్ ముందు కూర్చున్నవాడు నా వైపు తిరిగి "అక్కా, కిలోకు ఎంత?" అన్నాడు. పదహారు అని చెప్పాను, ఎనిమిదిని తీసేసి పదహారు వేశాడు.